బ్యాటరీ నీళ్ళు

తెనాలి,
8 అక్టోబరు 2011, శనివారం.

గౌరవనీయులైన సత్తెమ్మ పెద్దమ్మ గారి సముఖానికి,

మీ మేడ మీది వాటాలో నాలుగేళ్ళు కిరాయికున్న కృపమ్మ చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. పెదనాన్న గారికి, మీ అబ్బాయి యాదగిరికి మా అందరి నమస్కారాలు చెప్పండి. మా ఆయన సాల్మన్ గారు, మా పాప ఏంజెల్, నేను ఇక్కడ బాగానే ఉన్నాం. ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని బళ్ళో నేర్పారు కాబట్టి రాశాను గానీ, బాగున్నామని మీకు చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మీరు రోజూ పేపరు పెదనాన్న గారికి గట్టిగా చదివి వినిపిస్తారు. ఈ ఉత్తరం మాత్రం ముందు మీరొక్కరే చదువుకోండి. చదువుతూ చదువుతూ నా మీద కోపం వచ్చి చించేయాలనిపిస్తే చించేయండి, తప్పు లేదు. బ్యాటరీ సంగతి రాసిన కాగితాలు మాత్రం ఉంచి మిగతావి చించండి.

నిన్న లచ్చమ్మ ఫోను చేసింది. కొండాపూర్ నర్సింగ్ హోములో నేను నర్సుగా ఉన్నప్పుడు అక్కడే ఆయాగా పనిచేసేది, మీ వెనక వీధి లచ్చమ్మ. నా జీతం బకాయి గురించి చెప్పడానికని చేసి, మాటల్లో మాటగా పెదనాన్న గారి సంగతి చెప్పింది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగూకే వేళ కరెంటు లేదట. మీరు బతుకమ్మ నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటబోతుంటే ఆయనకు ఎగశ్వాస మొదలైందట. నెబ్యులైజర్ ముక్కుకు పెడితే కాసేపు తిరిగి మూలిగి ఆగిపోయిందట. యాదగిరి ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తాడట. ఆ రాత్రి దవాఖానలో ఉంచుకుని, దసరా ముందు రోజు ఇంటికి పంపారని చెప్పింది.

మిషన్ ఎందుకు ఆగిందో నేను చూడకుండానే చెప్పగలను, పెద్దమ్మా. మిషన్‌ది తప్పు కాదు. దాన్ని నడిపే ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు అడుగంటి ఉంటాయి. మునుపు కరెంటు గంటో అరగంటో పోయేది. ఇప్పుడు సింగరేణి వాళ్ళు కూడా తెలంగాణ సమ్మెలో దిగాక బొగ్గు లేదు, కోత పొద్దునా సాయంత్రం పెరిగింది. బ్యాటరీ ఎంత పనిచేస్తే దానిలో నీళ్ళు అంత తగ్గుతాయి. మేం వచ్చేసిన వారమే దానికి నీళ్ళు పోయాలని నాకు తెలుసు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పోద్దాంలే అనుకున్నాను. శుక్రవారం తెల్లారేసరికే మీ ఇల్లు వదిలిపెట్టి వచ్చేశాం. ఆ బ్యాటరీకి నీళ్ళు కావాలన్న సంగతి మీకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. నేను నర్సులాగా గద్దిస్తాను, ఏమనుకోవద్దు.

ముందుగా నీళ్ళు. బ్యాటరీలు అమ్మే షాపులో బ్యాటరీ నీళ్ళని అడిగితే తెల్ల డబ్బాలో ఇస్తారు. కుళాయి నీళ్ళు పోయొద్దు, మంజీరా నీళ్ళయినా సరే. ఫిల్టరు నీళ్ళు కూడా వద్దు. యాదగిరి రబ్బరు తొడుగులు వేసుకుని, ఇన్వర్టర్ ఆపి, పైనున్న మూతలు ఒక్కొక్కటీ తిప్పి తీయాలి. ప్రతి మూతలో ఒక పుల్ల తేలుతుంది. దాని మీద ఎర్ర గీత, పచ్చ గీత ఉంటాయి. పచ్చ గీత కనిపించే దాకా గరాటు పెట్టి మెల్లగా పోయాలి, ఆ పైన ఒక్క చుక్క కూడా వద్దు. చేతి మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి కడగాలి. ఇది నెలకొకసారి చేస్తే చాలు. కోతలు ఇలాగే ఉన్నన్నాళ్ళు మాత్రం వారానికొకసారి మూత తీసి చూడండి.

బ్యాటరీ ఉన్నది మెట్ల కింద కాదు, పైన మా వాటా పక్క చిన్న గదిలో అని మీకు తెలుసు. ఆ గది గూట్లో మీరు సాయంత్రం దీపం పెట్టేవారు, నేను తీసి బయట పెట్టేదాన్ని. నాకు మీ దేవుడంటే గిట్టక తీశానని మీరు మనసులో అనుకుని ఉంటారేమో. అది కాదు, పెద్దమ్మా. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి గ్యాసు వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఆ మాట అప్పుడే నోరు తెరిచి చెప్పవలసింది. మొహమాటపడి ఊరుకున్నాను. దీపం, అగరుబత్తి, పెదనాన్న గారి బీడీ, మూడూ ఆ గదిలోకి వెళ్ళకూడదు. ఆయన ట్యాంకు వెనక నిలబడి బీడీ కాలుస్తారని మీకు తెలియదనుకుంటారు. మీకు తెలుసని నాకు తెలుసు. ఆ పని ఇక మాన్పించండి. ఒక పక్క ఊపిరికి మందు పీలుస్తూ ఇంకో పక్క పొగ పీలిస్తే సూర్యుడు మాత్రం ఏం చేస్తాడు?

ఇక నల్లద్దం. మేడ మీది సోలార్ ప్యానెల్‌కి మీరు పెట్టిన ఆ పేరే మా ఇంట్లో కూడా స్థిరపడిపోయింది. సాల్మన్ గారి ఆఫీసు బిల్డింగులో పచ్చికలో ఉండే సోలార్ లైట్లు మారుస్తూ పాతవి తుక్కు కింద తీసేస్తుంటే ఆయన దాన్ని అడిగి కొని తెచ్చారు. అప్పటికే మాకు చిన్న ఇన్వర్టర్ ఉంది. కరెంటు లేనప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీ అవుతుంది, కరెంటు వచ్చే లోపల నిండదు. పగలంతా ఎండ దాన్ని నింపితే సాయంత్రానికి పెదనాన్న గారి మిషన్‌కి దిగులుండదని ఆయన ఆలోచన. తెచ్చిన రోజు పెదనాన్న గారు మేడ మీద నిలబడి ఎదురుగా ఉన్న అద్దాల భవనాలు చూపించి, "గా లిఫ్టున్న కాడ మా జొన్నచేనుండె" అన్నారు. కరెంటు పోగానే ఆ భవనాల్లో జనరేటర్లు లేచేవి. లోపలున్న వాళ్ళకు కరెంటు పోయిన సంగతి కూడా తెలియదు. ఆ డీజిల్ పొగ మన మేడ మీదికి వచ్చి ఆయన ఛాతీలో దూరేది. తన చేను ఉన్నచోటి పొగ పీల్చలేక తన మేడ మీది ఎండతో ఊపిరి తీసుకునేవారు.

ప్యానెల్ మొహం దక్షిణానికే ఉండాలి. దీని కోసం మనిద్దరం పడిన పంతం మీకు గుర్తుండే ఉంటుంది. దక్షిణం యముడి దిక్కని మీరు తూర్పుకు తిప్పేవారు. డ్యూటీ నుంచి వచ్చి నేను మళ్ళీ దక్షిణానికి తిప్పేదాన్ని. మన ప్రాంతంలో సూర్యుడు ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణానికి వంగి నడుస్తాడు, ప్యానెల్ చూసేది ఆయన్నేనని ఎంత చెప్పినా మీరు వినలేదు. చివరికి పెదనాన్న గారే తీర్పు చెప్పారు. యముడు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవాడే, వచ్చినప్పుడు మెట్ల మీద లైటన్నా ఉండనీయమన్నారు. మీరు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, ఆ తర్వాత ముట్టుకోలేదు. ఇప్పుడు మళ్ళీ తూర్పుకు తిప్పి ఉంటే దయచేసి దక్షిణానికి పెట్టించండి.

చలికాలం వస్తోంది కాబట్టి ఇంకో పని కూడా ఉంది. వాస్తు ప్రకారం నైరుతి మూల కట్టిన మీ నీళ్ళ ట్యాంకు నీడ మధ్యాహ్నం దాటాక ప్యానెల్ మీదికి పాకుతుంది. మూల మీద కాస్త నీడ పడినా మొత్తం ప్యానెల్ మందగిస్తుంది. ఒక మూలే కదా, మిగతాది పనిచేస్తుందిలే అనుకోవద్దు. యాదగిరితో చెప్పి స్టాండును ఆగ్నేయం మూలకు జరిపించండి. అది అగ్నిదేవుడి మూలే, మీ వాస్తుకూ అభ్యంతరం ఉండదు. జరిపేటప్పుడు దాని మీద దుప్పటి కప్పాలి. ఎండ పడుతుండగా తీగలు విప్పకూడదు. కాళ్ళ కింద ఇటుకలు మళ్ళీ అలాగే పెట్టించండి.

ఆయుధపూజకు దానికి బొట్లు పెట్టే ఉంటారు. పెట్టండి, నేను వద్దనను. అద్దం మీద కాకుండా చుట్టూ ఉన్న చట్రానికి పెట్టండి. పోయిన ఏడు మీరు నిలువెల్లా పసుపు రాసి పెద్ద పెద్ద బొట్లు పెడితే మూడు రోజులు బ్యాటరీ నిండలేదు, ఎందుకో తెలియక సాల్మన్ గారు తీగలన్నీ విప్పి చూశారు. తెల్లవారుజామున అద్దం చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడిస్తే చాలు. మన వీధిలో బండలు కొట్టే దుమ్ము రెండు రోజుల్లోనే పేరుకుంటుంది. మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, పగులుతుంది.

దాని శక్తి ఎంతో అంతే వాడాలి. నెబ్యులైజర్, రెండు చిన్న లైట్లు, ఫోను ఛార్జింగు. మిక్సీ వద్దు, ఇస్త్రీపెట్టె వద్దు. ఉద్యమం వార్తలు చూడాలని యాదగిరి టీవీ పెడతాడు, అదీ వద్దు. బస్సులు ఆపేసిన కండక్టరు కాసేపు టీవీ ఆపలేడా అని నేనన్నానని చెప్పండి. గోడకున్న చిన్న డబ్బాలో ఎర్ర లైటు వెలిగిందంటే మిగతావన్నీ ఆపి, ఉన్న కాస్త కరెంటూ పెదనాన్న గారికి దాచాలి. కరెంటు ఉన్నప్పుడే, పోయే వేళకు కాస్త ముందుగా ఆయనకు మందు పట్టించడం ఇంకా మంచిది. జేబులో పెట్టుకునే ఇన్‌హేలర్ పంపు ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండాలి. మాట్లాడుతుంటే మాట మధ్యలో ఊపిరి తెగినా, పెదాలు నల్లబడినా మిషన్ చుట్టూ తిరుగుతూ కూర్చోవద్దు. వెంటనే దవాఖానకు తీసుకెళ్ళాలి. మొన్న యాదగిరి చేసిన పనే సరైన పని.

ఎండతో వండే పెట్టె కూడా అక్కడే వదిలేసి వచ్చాం. అది మీదే, ఉంచుకోండి. లోపల గిన్నెలు నల్లగానే ఉండాలి, తళతళలాడేలా తోమకండి. పప్పు నానబెట్టి పొద్దున్నే పెడితే మధ్యాహ్నం భోజనానికి అవుతుంది. మధ్యలో మూత తీసి చూడకూడదు. మీకు ఆగదు కాబట్టి రాస్తున్నాను.

ఆ పెట్టె పేరు రాయగానే మీరు దాన్ని రోడ్డు మీదికి పట్టుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది. సమ్మె మొదలయ్యాక మన చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అందరూ రోడ్డుకడ్డంగా రాళ్ళపొయ్యిలు పెట్టి కట్టెలు రాజేస్తుంటే, మీరు యాదగిరి నెత్తిన ఆ పెట్టె పెట్టించుకుని వెళ్ళి, తారు రోడ్డు మీద దించి, అద్దం సూర్యుడి వైపు తిప్పి కూర్చున్నారు. ఇదేం వంట, దీనికి పొగ లేదు, మంట లేదు అని కుర్రాళ్ళు నవ్వారట. మిట్టమధ్యాహ్నం మూత తీస్తే కందిపప్పు మెత్తగా ఉడికి ఉంది. ఇది మా మేడ మీది బిడ్డ ఇచ్చిందని నలుగురిలో చెప్పారట మీరు. నన్నూ రమ్మని మూడుసార్లు పిలిచారు. నాకు డ్యూటీ ఉందని అబద్ధమాడి, పిట్టగోడ వెనక నిలబడి చూశాను. మీరు గిన్నెలో పప్పన్నం పెట్టి పైకి పంపిస్తే, మేం ముగ్గురం తలుపేసుకుని తిన్నాం. బయట పడి తినడానికి మాకు భయం, పెద్దమ్మా. మా యాస విని ఎవరేమంటారోనని.

ఇప్పుడు జాజు సంగతి. రాయకుండా తప్పించుకుందామని ఇంతసేపూ బ్యాటరీ గురించి రాశాను.

ఆ గురువారం సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా గుమ్మం పైన జాజుతో 'జై తెలంగాణ' అని రాసి ఉంది. మీరు పండగలకు గడప అలికే ఎర్రమట్టే అది. అక్షరాలు ఇంకా తడి ఆరలేదు. కింద మీ తలుపు చూస్తే ఏమీ లేదు. పక్కింటికీ లేదు. మా ఒక్క గుమ్మానికే ఉంది. సాల్మన్ గారు వచ్చి చూసి తలుపు గడియ వేశారు. ఆంధ్రా వాళ్ళ ఇళ్ళకు గుర్తులు పెడుతున్నారని ఆఫీసులో ఎవరో అన్నారట. ఎక్కడ పెట్టారు, ఎవరు చూశారు అంటే ఎవరికీ తెలియదు. అయినా మేం నమ్మేశాం.

మెట్లు దిగి వచ్చి, ఇది ఎవరు రాశారు పెద్దమ్మా అని అడిగితే సరిపోయేది. నాలుగేళ్ళలో ఉప్పు దగ్గర నుంచి ఉసిరికాయ దాకా మిమ్మల్ని అడగకుండా నేను ఏదీ వదల్లేదు. ఏంజెల్‌కి ఆటలమ్మ పోస్తే వేపాకు పరిచి మీ మంచం మీద పడుకోబెట్టుకున్నారు. అలాంటి మిమ్మల్ని ఆ ఒక్క మాట అడగలేకపోయాను. మీరే రాశారేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్నే పట్టుకుని సామాన్లు కట్టాను.

కిటికీలో తాళంచెవి పెట్టి, తెనాలిలో మా తమ్ముడికి జబ్బు చేసింది, వెళ్తున్నామని చీటీ రాసి పెట్టాను. మా తమ్ముడికి ఏ జబ్బూ లేదు, గుండ్రాయిలా ఉన్నాడు. తెలతెలవారుతుంటే ట్రాలీ ఆటోలో సామాను వేశాం. నానమ్మకు చెప్పి వస్తానని ఏంజెల్ చెయ్యి విడిపించుకోబోతే నోరు మూశాను. మెట్లు దిగుతుంటే లోపల పెదనాన్న గారి దగ్గు వినిపించింది. గరగరమంటున్న దగ్గు. ఆ దగ్గు విన్న ఏ నర్సయినా ఆగుతుంది. ఆగి, ఛాతీ మీద చెవి పెట్టి వింటుంది. నేను ఆగలేదు. ఆటో ఎక్కాను.

నిన్న లచ్చమ్మే ఆ గుమ్మం సంగతి కూడా చెప్పింది. నేను అడిగితేనే చెప్పింది. "గది మీ ఓనరమ్మనే రాసింది సిస్టరమ్మా. పోరగాండ్లు ఎవలన్న వస్తె గది చూసి మీ జోలికి రావొద్దని రాసింది. తెల్లారి మీరు లేకపొయేసరికి గా మెట్ల మీదనే కూసున్నది." ఈ మాటలే అన్నది, నేను ఒక్కటి కూడా కలపలేదు.

మీ తలుపుకు ఎందుకు రాసుకోలేదో అప్పుడు అర్థమైంది. మీ తలుపుకు అక్కర్లేదు.

పెద్దమ్మా, నేను ప్రతి ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు పాఠం చెబుతాను. పస్కా కథ ఎన్నిసార్లు చెప్పానో. ద్వారబంధానికి ఎర్రటి గుర్తు ఉన్న ఇంటిని కీడు ముట్టుకోకుండా దాటి వెళ్ళిపోయిందని చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. ఆ గుర్తు ఎందుకు పెట్టారని పిల్లల్ని ప్రశ్నలడిగి, చెప్పని వాళ్ళను నిలబెట్టేదాన్ని. నా గుమ్మం మీద ఎర్రగా గుర్తు కనబడితే, అది నన్ను కాపాడటానికే అన్న ఆలోచన నాకు రాలేదు. మీకు ఆ కథ తెలియదు. ఆ పని చేసింది మీరు. కథ తెలిసిన నేను పారిపోయాను. రేపు ఆదివారం ఇక్కడి చర్చి పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియడం లేదు.

సాల్మన్ గారికి చెబితే ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నేనే రాస్తానని కలం తీసుకున్నారు. సత్తెమ్మ పెద్దమ్మ గారి సముఖానికి అని రాసి, అక్కడి నుంచి ముందుకు సాగక నా చేతికిచ్చారు. ఆ కాగితమే ఇది, పైన మీ పేరు ఆయన దస్తూరీలో ఉంది.

ఇంకొకటి ఉంది, ఇదే అన్నిటికంటే కష్టం. మేం వచ్చేసిన దగ్గర నుంచి మీ నంబరు నా ఫోనులో చాలాసార్లు వెలిగింది. నేను ఎత్తలేదు. ఎందుకు చెప్పకుండా పోయారని అడుగుతారని ఫోను బోర్లా పెట్టేదాన్ని. సద్దుల బతుకమ్మ సాయంత్రం కూడా మోగింది. వరసగా మోగింది. విసుక్కుని సౌండు తీసేశాను. మిషన్ ఆగిపోయి, ఏం చేయాలో తోచక, నన్ను అడుగుదామని చేసి ఉంటారు. ఎత్తినా ఇంత దూరం నుంచి నేనేం చేయగలిగేదాన్ని అని నిన్నటి నుంచి నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకున్న కొద్దీ సిగ్గు పెరుగుతోంది గానీ తగ్గడం లేదు.

క్షమించమని అడగను. అడిగితే మీరు క్షమించేస్తారు, నాకు తెలుసు. నీళ్ళు పోయించండి, నీడ చూసుకోండి, ఆయన చేత బీడీ మాన్పించండి. అంతే నేను కోరేది.

మీ బిడ్డనని రాసుకునే హక్కు పోగొట్టుకున్న,
కృపమ్మ

తా.క. ఆదివారం పొద్దున.

రాత్రి ఉత్తరం మడిచి కవరులో పెట్టి, అడ్రసు రాస్తూ ఆగిపోయాను. ఇది పోస్టులో వేస్తే మీకు ఎప్పుడు చేరుతుంది? ఈ లోపల కరెంటు పోదని ఎవరు చెప్పగలరు? ఉత్తరం పైన తెనాలి అని రాశాను. మేం తెనాలిలో లేము, పెద్దమ్మా. ఎప్పుడూ వెళ్ళలేదు. బాచుపల్లిలో ఉన్నాం. మా వైపు వాళ్ళు ఎక్కువగా ఉంటారని ఆ తెల్లవారుజామున ట్రాలీని అక్కడికే పోనిమ్మన్నాం. లచ్చమ్మకు కూడా తెనాలి అనే చెప్పాను. మీ ఫోను మోగి మోగి ఆగిన ఆ సాయంత్రం నేను ఆటో ఎక్కితే అరగంటలో మీ గుమ్మంలో ఉండేదాన్ని. సాల్మన్ గారి బండి కూడా ఇంటి ముందే ఉంది. అంత దూరం నుంచి ఏం చేయగలను అని పైన రాసుకున్నాను చూశారూ, ఆ దూరం నేను కల్పించుకున్నదే.

అందుకని పోస్టులో వేయలేదు. ఈ కవరు మీ తలుపు సందులో నుంచి లోపలికి తోసింది నేనే. సాల్మన్ గారు వీధి మలుపులో బండి మీద ఉన్నారు, మీ ఎదుటికి రాలేక. నేను బయటి మెట్ల మీదుగా మేడ ఎక్కాను. నా దగ్గర బ్యాటరీ నీళ్ళ డబ్బా ఉంది. పైన చప్పుడైతే కోతులనుకుని కర్ర పట్టుకుని రాకండి. నీళ్ళు పోసి, అద్దం తుడిచి, నీడ పడని చోటికి జరిపేసరికి కాస్త సేపు పడుతుంది. నా మొహం చూడాలని లేకపోతే మీరు తలుపు తీయకండి. వచ్చిన దారినే దిగి వెళ్ళిపోతాను, ఆ గుమ్మం మీద మీరు రాసింది మాత్రం ఒకసారి చూసుకుని వెళ్తాను.

తలుపు తీస్తే మాత్రం నన్నేమీ అడగకముందే ఒక్క పని చేయనివ్వండి. పెదనాన్న గారి చొక్కా గుండీలు విప్పి కూర్చోబెట్టండి. ఛాతీ వింటాను.